గంజాం పంతులు గారి పత్రిక

గంజాం జిల్లా బరంపురంలో రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణీ జాతర. అమ్మవారు గుడి విడిచి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు దేశిబెహరాది. ఆయన దేరా నేతవాళ్ళ కులపెద్ద. వాళ్ళది తెలుగు మూలం. ఒడియా ఊరు కొలిచే తల్లికి తెలుగు పుట్టిల్లన్నమాట! గంజాం సంగతులు రాయాలంటే ఒక్క భాష చాలదు.

ప్రాంతీయ సంస్కృతి మీద పరిశోధన పత్రిక అంటే ఇప్పుడు విశ్వవిద్యాలయమే గుర్తొస్తుంది. బరంపురానికి అది 1967లో గానీ రాలేదు. ఆ ఊళ్ళో శశిభూషణ్ రథ్ 1913లోనే ‘ఆశా’ వారపత్రిక పెట్టి, 1928లో దాన్ని దినపత్రిక చేశారు. ఒడియా రాష్ట్రం కావాలన్న గొంతు అది. ‘ఆశా’ మొదలైన కొద్ది ఏళ్ళకు, ఉమ్మడి గంజాం జిల్లాలోనే ఉన్న పర్లాకిమిడి నుంచి మరో మాట వినిపించింది. 1911లో బడి పని నుంచి విరమించిన చరిత్ర మాస్టారు గిడుగు రామమూర్తి, 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక మొదలుపెట్టారు.

జనం మాట్లాడే భాషే రాతకు తగినదని వాదించడం దాని పని. వాదనంటే గొంతు చించుకోవడం కాదు, సాక్ష్యం చూపించడం. ఆ అలవాటు పంతులుగారికి అప్పటికే ముదిరింది. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదివారు. కొండదిగి సంతకు వచ్చే సవర గిరిజనుల మాట నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు బడులు పెట్టించారు. వ్యాకరణం రాసే ముందు మనిషి నోటిని చూడాలని ఆయన ఒక్క పుస్తకాల్లోనే నేర్చుకుని ఉండరు. ఆ సంతలోనూ నేర్చుకుని ఉంటారని నా అనుమానం. పక్కపక్కనే ఒడియా, తెలుగు, సవర వినిపించే చోట భాష పుస్తకంలో ఉందని ఎవరు నమ్ముతారు?

పత్రిక మాత్రం 1920 దాటి సాగలేదు. అలాంటి పత్రికలకు ఆయుష్షు తక్కువేలెండి. ఆయన సవర పని ఆగలేదు: వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఈ రెంటికీ నడుమ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది. అది నచ్చని పంతులుగారు ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. మూడు భాషల మనిషికి ఒక రాష్ట్రపు గీత అడ్డొచ్చింది. గీత అక్కడితో ఆగలేదు, 1992లో పర్లాకిమిడి గంజాం జిల్లాలోంచి కూడా తప్పుకుని గజపతి జిల్లాలోకి వెళ్ళింది.

ఇవాళ బరంపురంలో ఎవరైనా ప్రాంతీయ సంస్కృతి మీద కొత్త పత్రిక పెడితే, మొదటి సంచిక కోసం వాళ్ళను దేశిబెహరా ఇంటికి వెళ్ళమంటాను. రెండు భాషలూ వచ్చిన పిల్లనో పిల్లాడినో తీసుకుని, జాతర ముందు రాత్రి. పుట్టింటికి వచ్చిన ఆడపడుచును ఆ ఇంటి ముసలమ్మలు ఏ మాటతో లోపలికి పిలుస్తారో, ఉన్నదున్నట్టు రాసుకురమ్మంటాను.