తుమ్మలపల్లె రాయి: ఆమ్లక్షారముల పని

మన వంటయింటి కడపబండమీఁద నిమ్మరసము పడి కొంతసేపుండినచో నచ్చట నునుపు చెడి మచ్చ యేర్పడును. ఆ బండ సున్నపురాయి. పులుపు దానిని కరఁగించును. ఈ స్వల్పవిషయమే పులివెందుల చెంతనున్న తుమ్మలపల్లె గనిలో పెద్ద చిక్కు తెచ్చినది.

అచ్చటి రాతియందు రేడియోధార్మికమైన యురేనియము కలదు. దానిని రాతినుండి నీటిలోనికి దింపుటయే మొదటి పని. జార్ఖండునందలి జాదుగూడలో నిందుకు గంధకికామ్లము వాడుదురు. తుమ్మలపల్లె రాయి డోలమైటు, అనఁగా సున్నము, మెగ్నీషియము గల కార్బొనేటు. ఆమ్లము పోసినచో నది రాతితోనే కలహించి, బొగ్గుపులుసు వాయువు పొంగించి, వ్యర్థమగును. ఎన్ని బండ్ల ఆమ్లము తెచ్చినను చాలదు! కావున 2007 లో శంకుస్థాపన జరిగిన యీ కర్మాగారమున చాకలిసోడా, వంటసోడా జాతి లవణముల ద్రావణమును ఎక్కువ వేఁడిమితోను పీడనముతోను వాడి, ప్రాణవాయువు నెక్కింతురు. ప్రాణవాయువు యురేనియమును కరఁగఁదగిన రూపమునకు మార్చును. కార్బొనేటు దానిని పట్టుకొని నీటిలో నిలుపును. రాయి చాలవఱ కట్లే యుండును.

తలిదండ్రులు గమనింపవలసిన దిచ్చటనే కలదు. కార్బొనేటుతోఁ గూడిన యురేనియము సులభముగా నడుగంటదు. బైకార్బొనేటు మెండుగా గల బావినీటిలో నది చేరినచో దూరము ప్రయాణింపఁగలదు. రంగు లేదు, వాసన లేదు. కాఁచినంత మాత్రమునఁ బోదు. దాని కిరణములకంటె, మూత్రపిండములకుఁ గలుగు విషహానియే వైద్యులకు ముందు చింత. లీటరు నీటికి 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2011 లో సూచించెను. గని పరిసర గ్రామముల రైతులు తమ బావినీటినిగూర్చి మొఱపెట్టుకొనియున్నారు. లిట్మసు కాగితము ముంచిన ఆమ్లమో క్షారమో తెలియును గాని, యురేనియము పాలు తెలియదు. దానిని గొలుచుటకు తగిన యంత్రములు గల ప్రయోగశాలకు నీటిని పంపవలెను.