రెండు సూత్రాలు, ఒక విగ్రహవాక్యం

తెలుగు టీచరుకు లెక్కలతో పనేమిటి అనుకుంటున్నారా? పని ఉంది. అమ్మకో నాన్నకో బదిలీ అయి ఏడాది మధ్యలో బడి మారితే, పాత బడిలో ఒక పాఠం ఇంకా మొదలై ఉండదు. కొత్త బడిలో అప్పటికే అయిపోయి ఉంటుంది. పక్కవాళ్ల నోట్సు చూసి సూత్రం ఎక్కించుకుంటాం. సూత్రం వస్తుంది కానీ, అది ఎందుకు అలా ఉందో తెలియదు. పదకొండో తరగతిలో వచ్చే ప్రొడక్ట్ రూల్, పన్నెండులో వచ్చే చైన్ రూల్ ఇలాగే కలగాపులగం అవుతుంటాయి. తెలుగులో వీటిని లబ్ధ నియమం, శృంఖల నియమం అనవచ్చు. లబ్ధం అంటే గుణిస్తే వచ్చేది, శృంఖల అంటే గొలుసు. అసలు సంగతి ఆ పేర్లలోనే ఉంది.

అవకలజం అంటే మార్పు రేటు. ఒకటి మారుతుంటే, దాన్ని బట్టి ఇంకొకటి ఎంత వేగంగా మారుతోందో అది చెబుతుంది.

ముందు గొలుసు చూద్దాం. సిలిగురి నుంచి డార్జిలింగ్‌కు ఒక జీపు కొండ ఎక్కుతోంది. గంటకు 0.6 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతోంది అనుకోండి. ఎత్తు ఒక కిలోమీటరు పెరిగితే గాలి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అయితే జీపులో ఉన్నవాళ్లకు గంటకు ఎన్ని డిగ్రీలు తగ్గుతుంది? 6.5 × 0.6 = 3.9 డిగ్రీలు. కాలం ఎత్తును మారుస్తోంది, ఎత్తు ఉష్ణోగ్రతను మారుస్తోంది. ఒక కొక్కేనికి ఇంకో కొక్కెం తగిలించినట్టు ఉంది కాబట్టి రేట్లను గుణించాం.

ఇప్పుడు లబ్ధం. కంప్యూటర్ తెరమీద ఒక ఫొటోను మూల పట్టుకుని లాగుతున్నారు. ఇప్పుడు దాని పొడవు 10 సెం.మీ., వెడల్పు 6 సెం.మీ. పొడవు సెకనుకు 2 సెం.మీ., వెడల్పు 1 సెం.మీ. పెరుగుతున్నాయి. వైశాల్యం ఎంత వేగంగా పెరుగుతోంది? 2 × 1 = 2 అనబుద్ధవుతుంది. కానీ బొమ్మ గీసి చూడండి. పొడవు పెరగడం వల్ల ఒక పక్క 6 × 2 = 12, వెడల్పు పెరగడం వల్ల ఇంకో పక్క 10 × 1 = 10 చేరుతాయి. మొత్తం సెకనుకు 22 చదరపు సెం.మీ. మరి మూలలో పెరిగే చిన్న ముక్క సంగతి? సెకనులో నూరో వంతు తర్వాత వైశాల్యం 10.02 × 6.01 = 60.2202. పెరిగిన 0.2202లో మూల ముక్క వాటా 0.0002 మాత్రమే. కాలవ్యవధి తగ్గేకొద్దీ అది లెక్కలోకి రాకుండా పోతుంది.

రెండు అవకలజాలను గుణిస్తే చాలదా అన్న ప్రశ్న లైబ్నిజ్‌కూ వచ్చింది. 1675 నవంబరు నాటి రాతప్రతిలో ఆయన ఆ ప్రశ్న వేసుకుని, కాదని తేల్చుకున్నాడు. లబ్ధ నియమానికి ఆయన పేరు కూడా ఉంది.

ఏ లెక్కకు ఏ నియమం? ఇక్కడ మన వ్యాకరణం సాయపడుతుంది. ‘తల్లిదండ్రులు’ ద్వంద్వ సమాసం: తల్లియు, తండ్రియు. రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం. ‘రాజభటుడు’ షష్ఠీ తత్పురుష: రాజు యొక్క భటుడు. లెక్కకూ ఇలాగే విగ్రహవాక్యం చెప్పండి. చలరాశిని ‘చ’ అందాం.

చ² × సైన్ చ: ‘చ²యు, సైన్ చయు’. పక్కపక్కన ఉన్నాయి, కాబట్టి లబ్ధ నియమం. ఒకసారి ఒకదాన్ని మార్చి, రెండోదాన్ని అలాగే ఉంచాలి. జవాబు: 2చ సైన్ చ + చ² కాస్ చ.

సైన్ (చ²): ‘చ² యొక్క సైన్’. ఒకటి ఇంకొకదాని లోపల ఉంది, కాబట్టి శృంఖల నియమం. బయటిదాని అవకలజాన్ని లోపలిదాని అవకలజంతో గుణించాలి. జవాబు: 2చ కాస్ (చ²).

చ² × సైన్ (3చ)లో రెండూ ఉన్నాయి. ముందు ద్వంద్వాన్ని విడదీయండి, తర్వాత అందులోని తత్పురుషను. జవాబు: 2చ సైన్ (3చ) + 3చ² కాస్ (3చ).

సూత్రం మీద అనుమానం వస్తే, జవాబు ముందే తెలిసిన లెక్కతో సరిచూసుకోండి. చ² × చ³ అంటే చ⁵; దాని అవకలజం 5చ⁴. లబ్ధ నియమంతో 2చ × చ³ + చ² × 3చ² = 5చ⁴ వస్తుంది. ఊరికే అవకలజాలను గుణిస్తే 6చ³ వస్తుంది, అది తప్పు. కొత్త బడిలో అడగడానికి ఇంకా ఎవరూ పరిచయం కాని మొదటి వారంలో కూడా ఈ పరీక్ష మీరే చేసుకోవచ్చు.

ఇక చ³ × కాస్ చ, కాస్ (చ³) మీరే చేసి చూడండి. జవాబులు: 3చ² కాస్ చ − చ³ సైన్ చ, −3చ² సైన్ (చ³).