ఎనిమిది మంది బడికి శాతమేమిటి?

దుగ్గిరాల అనగానే పసుపు యార్డు గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కల పొలాల్లో సంక్రాంతి దాటాక పసుపు తవ్వకం ఊపందుకుంటుంది. తవ్వకం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం పూర్తయ్యేదాకా కూలి ఇళ్లలో ఎవరికీ తీరిక ఉండదు. పదో తరగతి పరీక్షలు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, మార్చిలో. తల్లి తెల్లారకముందే పనికి వెళ్తే వంట, నీళ్లు, చంటిపిల్ల బాధ్యత పదిహేనేళ్ల ఆడపిల్ల మీద పడుతుంది. ఫలితాలు వచ్చిన రోజు మాత్రం ఇవేవీ లెక్కలోకి రావు. జడ్పీ హైస్కూలు పేరు, దాని పక్కన ఒక శాతం, అంతే. అది తక్కువైతే సర్కారు బడి ఇంతేనంటాం, ఎక్కువైతే అభినందించి ఊరుకుంటాం. ఆ బడిలో ఎవరి పిల్లలు చదువుతున్నారో తెలుసుకోకుండా శాతాన్ని చూసి బడిని తూచడం అన్యాయం. అందులోనూ చిన్న బడికి జరిగేది మరీ అన్యాయం.

ముందు లెక్క సంగతి చూద్దాం. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 81.14 శాతం. ఎనిమిది మంది పరీక్ష రాసిన బడిలో ఒక్కరు తప్పితే పన్నెండున్నర శాతం పోయినట్టే. రెండు వందల మంది రాసిన బడిలో ఒకరు తప్పితే పోయేది అర శాతం. ప్రతి పిల్లకూ రాష్ట్ర సగటు అవకాశమే ఉందనుకున్నా, ఎనిమిది మంది బడికి ఐదారేళ్లకొకసారి నూరు శాతం దానంతటదే వచ్చేస్తుంది. వంద మంది బడికి ఆ లెక్కన అది దాదాపు అసాధ్యం. అందుకే నూరు శాతం జాబితాలోనూ, అట్టడుగు జాబితాలోనూ చిన్న బడులే తేలికగా చోటు చేసుకుంటాయి. అమెరికాలో ఈ సంగతి గమనించకుండా, మంచి ఫలితాల జాబితాలో చిన్న బడులు ఎక్కువగా కనబడ్డాయని చిన్న బడుల కోసం కోట్లాది డాలర్లు ఖర్చుపెట్టారు. అడుగు జాబితాలోనూ అవే ఎక్కువున్నాయని గణాంక నిపుణుడు హోవర్డ్ వెయినర్ తర్వాత ఎత్తిచూపాడు.

అదే ఊళ్లో ప్రైవేటు బడికి మంచి మార్కులు వస్తున్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు మన రాష్ట్రంలోనే దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ 2008లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. సర్కారు బడి పిల్లల్లో కొందరిని లాటరీ తీసి, ఫీజు తామే కట్టి, ప్రైవేటు బడులకు పంపారు. పైపైన చూస్తే ప్రైవేటు పిల్లలే ముందున్నారు. లాటరీలో గెలిచిన పిల్లల్ని, ఓడిన పిల్లల్ని నాలుగేళ్ల తర్వాత పోల్చితే తెలుగు, లెక్కల్లో తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడి మేలనిపించింది. అంటే పైకి కనిపించే ఆ ఆధిక్యంలో చాలా భాగం పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్నదే. ఫీజు కట్టగల ఇల్లు, చదువుకున్న తల్లి, సాయంత్రం ట్యూషను, ఇవన్నీ బడి గేటు దాటి లోపలికి వస్తాయి. అయితే ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్లపై పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువన్న మాట కూడా ఆ అధ్యయనంలో ఉంది. సర్కారు బడిని సమర్థించేవాళ్లు దాన్ని దాచకూడదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. పేదరికమే కారణమంటే పంతుళ్ల బాధ్యత తప్పిపోదా? తప్పిపోదు. అందుకు రుజువు పార్వతీపురం మన్యం జిల్లా. గిరిజనులు ఎక్కువగా ఉన్న ఆ జిల్లా పదో తరగతిలో 2023 నుంచి వరుసగా మూడేళ్లు రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. 2025లో అక్కడి ఉత్తీర్ణత 93.90 శాతం. కులం, కూలి బతుకు తలరాత కాదని దీన్నిబట్టి తేలుతోంది. దుగ్గిరాల ఉన్న కృష్ణా డెల్టాలో కాలువ నీళ్లున్నాయి, రోడ్లున్నాయి, తెనాలి పక్కనే ఉంది. అయినా ఇక్కడి కౌలు రైతు బిడ్డ, రేపల్లె వైపు యానాది బిడ్డ వెనకబడితే దాన్ని పేదరికం ఖాతాలో రాసి చేతులు దులుపుకోలేం. ఎవరి పిల్లలో చూడమనడం నేరం మాఫీ చేయడానికి కాదు. ఎక్కడ సాయం కావాలో చూడడానికి: పసుపు పని రోజుల్లో సాయంత్రం బడి తెరిచి ఉంచాలా, ఆరో తరగతిలో చేరేనాటికి కూడబలుక్కుని చదివే పిల్లకు విడిగా పాఠం చెప్పాలా అన్నది అప్పుడే తెలుస్తుంది.

శాతం దాచిపెట్టే సంగతి మరొకటుంది. అది పరీక్ష రాసినవాళ్లను బట్టి కట్టే లెక్క. ఆరులో చేరి ఎనిమిదిలో మానేసిన పిల్ల అందులో ఉండదు. వెనకబడినవాళ్లు మధ్యలో జారిపోయినకొద్దీ బడి ఫలితం మెరుగ్గా కనిపిస్తుంది! పిల్లల వివరాలు ఏటా బడుల సమాచార వ్యవస్థ యూడైస్‌లో నమోదవుతూనే ఉన్నాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మీ ఊరి బడిలో ఆ కమిటీ కూర్చున్నప్పుడు ఎంత శాతం వచ్చిందని అడిగి ఊరుకోకండి. ఐదేళ్ల కిందట ఆరో తరగతిలో ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమంది పదో తరగతి పరీక్ష రాశారు, రాయనివాళ్లు ఇప్పుడెక్కడున్నారు అని పేరుపేరునా అడగండి.