విరామానంతర శ్రవణం

వేదానికి శ్రుతి అని పేరు. గురుముఖం నుంచి చెవితో విని నేర్చుకొనేది కనుక ఆ పేరు ఏర్పడింది. భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తిమార్గాలలో మొదటిది శ్రవణమే. అయినా మన పూర్వులు ఆ శ్రవణానికి సైతం విరామం విధించారు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య తిథులు వేదపాఠానికి అనధ్యయన దినాలు. విరామం తరువాత పాఠం మొదలైన ఉదయం ఉదాత్త, అనుదాత్త, స్వరితాల భేదం చెవికి మరింత తేటగా తెలియడం వేదవిద్యార్థులకు అనుభవమే.

ఇంటిలోని స్టీరియో సెట్టు విషయంలోనూ ఇదే జరుగుతుంది. పిల్లల వద్దకు అమెరికా వెళ్ళి, ఐదారు నెలలుండి తిరిగివచ్చిన తల్లిదండ్రులు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. సెట్టుపై కప్పిన గుడ్డ తీసి, పాత రికార్డు పెట్టగానే, 'ఇది ఇంత బాగా పలికేదా!' అని విస్మయం చెందుతారు. సెట్టు మారలేదు. నిత్యం వినబడే ధ్వనిని మనస్సు గోడగడియారపు చప్పుడు వలె పట్టించుకోవడం మానేస్తుంది. ఎడబాటు ఆ అలవాటును చెరిపివేస్తుంది. పైగా ఆ నెలలన్నీ సెల్‌ఫోనులో విన్నవారికి, దాని చిన్న స్పీకరు పలకలేని మృదంగపు మంద్రనాదం మళ్ళీ దక్కుతుంది.

రెండు చెవుల రహస్యం

ఒక పక్క నుంచి వచ్చే ధ్వని ఒక చెవికి ముందుగా, రెండవ చెవికి సెకనులో వెయ్యోవంతు కంటె తక్కువ ఆలస్యంగా చేరుతుంది. ఆ స్వల్పభేదంతోనే మనస్సు దిక్కును గ్రహిస్తుంది. ఈ సూత్రంపై ఆంగ్ల ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లో స్టీరియో విధానానికి పేటెంటు కోరారు. స్టీరియో రికార్డు గాడికి ఉండే రెండు గోడలలో ఒకటి ఎడమ స్పీకరుకు, రెండవది కుడి స్పీకరుకు ధ్వనిని అందిస్తాయి. ఒకే సూది రెంటినీ చదువుతుంది.

కనుక మీరు తిరిగివచ్చిన నాడు తొందరపడకండి. ముందుగా వైర్లను ఎలుకలు కొరికాయేమో చూడండి. సూదిపై దుమ్మును మెత్తని కుంచెతో వెనుక నుంచి ముందుకు తీయండి. రెండు స్పీకర్లు, మీ ఆసనం సమత్రిభుజంగా అమరాలి. మోనో రికార్డు పెట్టితే గాత్రం సరిగా నడుమ నుంచి వినిపించాలి. అలా కాక చెదరినట్లు ఉండి, మంద్రం పలచబడితే, ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ వైర్లు తారుమారై ఉండవచ్చు.

ఏమి వినాలి?

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అని ఆరింటిని పేర్కొన్నది. ఇవి ఉచ్చారణకు చెప్పినవే అయినా వినేవారికీ కొలతలు కాగలవు. అక్షరం విడిగా తెలుస్తున్నదా? స్వరం నిలకడగా ఉన్నదా? దీర్ఘం పూర్తికాలం నిలిచినదా? ఒత్తు ఒత్తుగానే వినబడినదా? ధ్వని సమంగా సాగినదా? పదానికి పదం తెగక కలిసినదా? ఈ ఆరూ గమనిస్తే నిరుడు విన్న కీర్తనలోనే వినని సంగతులు ఎన్నో దొరుకుతాయి.

అయితే ఒక్క మాట. వయస్సు పెరిగే కొద్దీ చెవి ముందుగా కోల్పోయేది పై స్థాయి ధ్వనులను. తాళపు చివరి మోగు, తంబురా మెరుపు అక్కడివే. పోయిన ఆ శక్తి ధ్వని పెంచినంత మాత్రాన తిరిగిరాదు, పెద్ద ధ్వని ఉన్న వినికిడికి కూడా హాని చేస్తుంది. తీరికైన నాడు విందామని గుడ్డ కప్పి ఉంచిన రికార్డులు చెడవు గాని, వినే చెవి ఆగదు.

అందుచేత ఈ ఆదివారమే ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక్క పక్క, అంటే సుమారు ఇరవై నిమిషాలు, మరే పనీ పెట్టుకోక వినండి. సూది లేచిన వెంటనే రికార్డు తిప్పక కొంతసేపు మౌనంగా ఉండండి. వారంలో ఒకటి రెండు రోజులు సెట్టుకూ అనధ్యయనం పాటించండి.