ఏ లెక్కలో పక్కా ఇల్లు? – జాతీయ సర్వేలలో గృహ సమాచారం

విస్తరణ శాస్త్రవేత్తకు గ్రామంలోని ఇల్లు కేవలం నివాసం కాదు. అది విత్తనపు గది, ధాన్యపు కొట్టు కూడా. మట్టినేల చెమ్మకు నిల్వ గింజ బూజు పడుతుంది. కప్పు కారితే విత్తనం మొలకశక్తిని కోల్పోతుంది. కావున గ్రామ స్థితిగతుల నివేదికలో గృహవసతి గణాంకాలకు స్థానమున్నది. అయితే ఆ గణాంకాలను ఏ సర్వే నుండి గ్రహించాలన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం.

2018 జూలై–డిసెంబరు మధ్య జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడత ప్రకారం దేశంలో సుమారు 83 శాతం కుటుంబాలు పక్కా ఇళ్లలో ఉన్నవి. 2019–21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇది సుమారు 60 శాతమే. ఇంత స్వల్పకాలంలో దేశంలోని పక్కా ఇళ్లు కూలిపోలేదు. ఈ వ్యత్యాసానికి ప్రధాన కారణం నిర్వచనంలోనే ఉన్నది. నమూనా సర్వే గోడలను, కప్పును మాత్రమే చూస్తుంది. ఆరోగ్య సర్వే వాటితోపాటు నేలను కూడా పరిగణిస్తుంది.

నర్సీపట్నం ప్రాంతంలో ఇటుక గోడలు, పెంకు కప్పు, పేడతో అలికిన మట్టినేల గల ఇంటిని ఉదాహరణగా తీసుకొందాం. నమూనా సర్వేలో అది పక్కా ఇల్లు. ఆరోగ్య సర్వేలో కాదు. ధాన్యం నిల్వను అధ్యయనం చేసేవారికి ఆ నేలే కీలకం.

రెండవ భేదం భౌగోళిక పరిధికి సంబంధించినది. నమూనా సర్వే 1,06,838 కుటుంబాలను పరిశీలించినది. రాష్ట్రస్థాయి అంచనాకు అది ఉపకరిస్తుంది గాని మండలానికి వర్తించదు. ఆరోగ్య సర్వే జిల్లా స్థాయి వరకు వివరాలిస్తుంది. కాని అప్పటికి నర్సీపట్నం ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఓడరేవు నగరం, మైదాన గ్రామాలు, పాడేరు ఏజెన్సీ ఒకే సగటులో కలిసిపోయినవి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాకు ఆ సగటును యథాతథంగా అన్వయించరాదు.

గ్రామస్థాయి వివరాలకు 2011 జనగణనే ఆధారం. అది గోడ, కప్పు, నేల సామగ్రిని వేర్వేరుగా నమోదు చేసినది. చేతితో చేసిన పెంకును, యంత్రపు పెంకును సైతం విడదీసినది. అయితే ఆ ఇళ్ల నమోదు 2010లో జరిగినది. 2021 జనగణన వాయిదా పడినందున ఆ సమాచారం పాతబడినది. 2011 సామాజిక ఆర్థిక కుల గణన కచ్చా గోడలు, కచ్చా కప్పు గల ఒంటిగది ఇంటిని లేమికి సూచికగా గ్రహించినది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ లబ్ధిదారుల గుర్తింపుకు ఆ గణనే ఆధారమైనది. అనగా నిర్వచనంలోని ఒక్క పదం పేద కుటుంబపు అర్హతను నిర్ణయించగలదు.

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పాల్గొనే విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ప్రశ్నావళిలో ‘పక్కా’, ‘కచ్చా’ అని గుర్తించి విడువక గోడ, కప్పు, నేల దేనితో నిర్మితమైనవో విడివిడిగా వ్రాయాలి. అట్లు వ్రాసిన సమాచారాన్ని తరువాత ఏ సర్వే నిర్వచనానికైనా అన్వయించి పోల్చవచ్చు. పట్టికలో ప్రతి శాతం పక్కన సర్వే పేరు, సంవత్సరం, నాటి జిల్లా సరిహద్దు పేర్కొనడం తప్పనిసరి. వేర్వేరు నిర్వచనాలతో వచ్చిన రెండు అంకెలను పక్కపక్కన ఉంచి ప్రగతి అనో, క్షీణత అనో నిర్ధారించడం శాస్త్రీయం కాదు.