సమాచారం ఎవరి సొత్తు?

క్షేత్రపర్యటనకు వెళ్ళి, కోయగూడెంలో పాటలు రికార్డు చేసుకొచ్చిన విద్యార్థి అవి తనవేననుకుంటాడు. మరి పాడినవారి మాటేమిటి? ఈ ప్రశ్నే నేడు మూలవాసుల దత్తాంశ సార్వభౌమత్వం అన్న పేరుతో చర్చకు వస్తున్నది. పేరు బరువైనదే గాని విషయం కఠినం కాదు. ఒక జాతిని గురించి సేకరించిన వివరాలు, అవి జనాభా లెక్కలైనా మందుమొక్కల పరిజ్ఞానమైనా, ఎవరు ఎలా వాడాలో ఆ జాతే నిర్ణయించుకోవాలన్నదే దీని సారాంశం.

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో నివసించే హవసుపాయిలకు మధుమేహం పెద్ద బాధ. దాని కారణాలు కనుక్కుంటామని 1990 నుంచి అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండువందల మందికి పైగా రక్తం తీసుకున్నారు. తరువాత ఆ రక్తమే మనోవ్యాధుల పరిశోధనకు, జాతి వలసల పరిశోధనకు కూడా ఉపయోగపడింది. తాము ఆ లోయలోనే పుట్టామని నమ్మేవారికి, మీ పూర్వులు ఎక్కడినుంచో వచ్చారని వారి రక్తంతోనే చెప్పడమన్నమాట! 2003లో ఒక పరిశోధన ప్రసంగం వినబోయిన ఆ జాతి స్త్రీ వల్ల సంగతి బయటపడింది. 2004లో దావా వేశారు. 2010లో రాజీ కుదిరి, 41 మందికి 7 లక్షల డాలర్లు, మిగిలిన రక్తనమూనాలు దక్కాయి. అసలు ప్రశ్నపై తుది తీర్పు మాత్రం రాలేదు.

ఇక్కడొక చిక్కుంది. వారు సంతకం చేసిన పత్రంలో మధుమేహమనే గాక, ప్రవర్తనకూ ఆరోగ్యానికీ సంబంధించిన రుగ్మతలని విశాలంగా రాసి ఉంది. చట్టం వ్యక్తి సంతకాన్ని చూస్తుంది. జాతి గౌరవానికి జరిగిన నష్టాన్ని కొలిచే సాధనం దానివద్ద లేదు. కెనడాలోని ఫస్ట్ నేషన్స్ 1998లో యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం అనే నాలుగు సూత్రాలు ప్రకటించుకున్నది అందుకే. అయితే అవి సూత్రాలే గాని శాసనాలు కావు.

మన దేశంలో 2006 నాటి అటవీ హక్కుల చట్టం, జీవవైవిధ్యానికీ సంస్కృతికీ సంబంధించిన సంప్రదాయ పరిజ్ఞానంపై సముదాయానికే హక్కు ఇచ్చింది. ఇది మెచ్చదగినది. కాని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టానికి వ్యక్తే తెలుసు, గూడెం తెలియదు. పైగా నిర్ణీత ప్రమాణాలు పాటిస్తే పరిశోధనకు అందులో మినహాయింపు కూడా ఉంది. కనుక ఒడిశా సరిహద్దు గ్రామాల్లో పదసేకరణకు వెళ్ళే మన విద్యార్థి, పాడినవారి సంతకంతోనే సరిపెట్టుకోకుండా, ఆ ఊరి పెద్దలను కూర్చోబెట్టి, ఈ పాటలు ఎక్కడ దాస్తాడో, ఎవరికి వినిపిస్తాడో వారి భాషలోనే చెప్పి, ఒక ప్రతిని ఊరికే ఇచ్చిరావలసి ఉంటుంది.