అడవి దారికి కాలిజోడు

పాదుకలు తమ్ముడికిచ్చి రాముడు అడవుల్లో నడిచాడు. ఆయన కొలువైన భద్రాచలం అడవంచున వానాకాలం తిరగాలంటే నాబోటివాడికి మాత్రం మంచి బూట్లుండాలి.

మొదటి ఏడు తళతళలాడే తోలుబూట్లు కొన్నాను. రెండో వాగు దాటేసరికి అతుకు విడి నోరు తెరిచాయి. వట్టికాళ్లతో వస్తూంటే అడుగు దూరంలో రక్తపింజర! ఆనాటినుంచి బూటు నాకు షోకు కాదు.

పిక్కలదాకా ఎత్తు, అతుకులేని రబ్బరు, అడుగున లోతైన గాట్లు, మేజోడు పట్టే చోటు చూసుకోండి. సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రబ్బరు నీటిని రానివ్వదు, చెమటనూ పోనివ్వదు. అందుకని రాత్రి కాగితాలు కుక్కి నీడన ఆరబెట్టండి.

పొంగే వాగులో మాత్రం దిగకండి. 1986లో గోదావరి ఇక్కడ 75 అడుగులు దాటింది. నీళ్లు నిండిన బూటు కాలికి గుదిబండే!